మొహందిసూ, మేస్త్రీ: ఉస్మానియాలో ఇంజనీరింగు విద్య

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీద, డిండి దాటిన తరువాత, నల్లమల అడవి మొదలయ్యే చోట మన్ననూరు ఉంది. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. ఇక్కడికి వచ్చే బాటసారి ఇంజనీర్ల పనిని చూడకుండా రాలేడు. దారిలో నిజాం ప్రభుత్వపు చివరి దశాబ్దంలో డిండి వాగు మీద కట్టిన జలాశయం కనిపిస్తుంది. ముందుకు పోతే ఫర్హాబాదు గుట్టల మీద నిజాం వేట విడిది గురుతులు, ఆ తరువాత ఘాటు రోడ్డు, చివరకు 1981లో పూర్తయిన శ్రీశైలం ఆనకట్ట. ఇన్ని కట్టడాలకు నక్షాలు గీసినవారు ఏ భాషలో చదువుకున్నారు, రాళ్ళు మోసినవారు ఏ భాషలో ఆ మాట విన్నారు అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. దానికి సమాధానం వెతికితే ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయం తెరుచుకుంటుంది.

పందొమ్మిదవ శతాబ్ది చివర వరకు హైదరాబాదు సంస్థానంలో ఉన్నత స్థాయి ఇంజనీరు కావాలంటే సముద్రం దాటవలసిందే. మీర్ అహ్మద్ అలీ, తరువాతి కాలంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్‌గా ప్రఖ్యాతి పొందిన వారు, మదర్సా-ఎ-ఆలియాలో, నిజాం కాలేజీలో చదివి, 1896లో ప్రభుత్వ వేతనంపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళారు. హిందూదేశపు పబ్లిక్ వర్క్స్ శాఖకు మనుషులను తయారు చేయడానికే నెలకొల్పిన కాలేజీ అది. తిరిగి వచ్చి, క్రమంగా చీఫ్ ఇంజనీరు పదవి చేపట్టారు. మంజీరా నది మీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ వారి పర్యవేక్షణలోనే తయారైంది. ఆ ఒక్క పేరు చాలు, సంస్థానపు బిడ్డలకు బుద్ధి కొరత లేదని చెప్పడానికి. కాని ఒకరిద్దరిని విదేశాలకు పంపి ఒక రాజ్యపు చెరువులు, కాలువలు, రోడ్లు నడపడం సాధ్యమా? 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని తుడిచిపెట్టినప్పుడు సలహా కోసం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను బయటి నుండి పిలవవలసి వచ్చింది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాల నక్షాల కోసం విన్సెంట్ ఎష్‌ను రప్పించారు. వారి పనిని తక్కువ చేయనవసరం లేదు. అయితే అరువు తెచ్చుకున్న నేర్పు అరువుగానే ఉంటుంది.

ఈ నేపథ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్యను ఒక దేశభాషలో, అంటే ఉర్దూలో, బోధించాలన్న నిర్ణయం ఆనాటి హిందూదేశంలో ఏ విశ్వవిద్యాలయమూ చేయని సాహసం. దానికి ముందుగానే, 1917లో, దారుత్తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పి, మౌల్వీ అబ్దుల్ హఖ్ చేతికి అప్పగించారు. చరిత్ర, తత్వశాస్త్రం అనువదించడం ఒక ఎత్తు. భౌతికశాస్త్రం, గణితం, వైద్యం, ఇంజనీరింగు మరొక ఎత్తు. వాక్యం కుదిరినా మాట దొరకదు. దొరికిన మాటను విద్యార్థి అర్థం చేసుకోడు. అర్థమైనా, పరీక్ష పాసై పనిలో చేరిన తరువాత ఆ మాటను అక్కడెవరూ వాడరు.

ఈ అనువాదకులలో ఒకరిని ప్రత్యేకంగా స్మరించుకోవాలి. మీర్జా ముహమ్మద్ హాదీ రుస్వా పేరు చెబితే సాహిత్యప్రియులకు ఉమ్రావ్ జాన్ అదా నవల గుర్తుకు వస్తుంది. ఆయన రూర్కీ ఇంజనీరింగు కాలేజీ నుండి ఓవర్‌సీరుగా ఉత్తీర్ణుడైన వ్యక్తి అని, బలూచిస్తాను వైపు రైలుమార్గం పనిలో చెమటోడ్చాడని చాలామందికి తెలియదు. రూర్కీలో కింది తరగతుల వారికి పూర్వమే ఉర్దూలో పాఠాలు చెప్పేవారు. కొలత గొలుసు పట్టి ఎండలో నిలబడిన మనిషి, అరబీ, ఫార్సీ తర్కశాస్త్రాలలో ఆరితేరిన మనిషి, నవలాకారుడు, ముగ్గురూ ఒకే దేహంలో దారుత్తర్జుమాకు చేరారు. 1931లో హైదరాబాదులోనే పరమపదించారు. అలాంటి వారు మరో పదిమంది దొరికి ఉంటే పరిభాష సమస్య ఇంకో దారి పట్టి ఉండేదేమో!

పరిభాష విషయంలో పెద్ద వాదమే నడిచింది. నజ్మ్ తబాతబాయీ వంటి పండితుల పక్షం కొత్త శాస్త్రపదాలను అరబీ ధాతువుల నుండి తీయాలన్నది. గ్రీకు శాస్త్రాలను బాగ్దాదులో అనువదించినప్పుడు పూర్వీకులు చేసింది అదే కదా అని వారి భావం. మౌల్వీ వహీదుద్దీన్ సలీం దీనికి అంగీకరించలేదు. 1921లో వెలువడిన వజ్ఎ ఇస్తిలాహాత్ అనే గ్రంథంలో, ఉర్దూ ఈ దేశపు భాష గనుక పదనిర్మాణం కూడా ఈ దేశపు నడకలో సాగాలని, హిందీ ధాతువులకు, ప్రత్యయాలకు సిగ్గుపడకూడదని వాదించారు. ఇద్దరి పాండిత్యమూ గౌరవించదగినదే. కాని ఇంజనీరింగు వరకు చూస్తే సలీం సాహెబు వైపే న్యాయం ఉందనిపిస్తుంది. తర్కశాస్త్రపు మాట పుస్తకంలో ఉండిపోయినా చిక్కు లేదు. గోడకు సంబంధించిన మాట గోడ దగ్గరికి వెళ్ళాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంజనీరుకు అరబీలో, ఉర్దూలో ‘మొహందిస్’ అని పేరు. రేఖాగణితానికి ‘హందసా’. ఈ మాట మూలం అరబీ కాదు, ఫార్సీలోని ‘అందాజా’, అనగా కొలత, అంచనా. అందాజా అరబ్బుల నోట హందసా అయింది. హందసా చేసేవాడు మొహందిస్ అయ్యాడు. ఇప్పుడు పాలమూరు జిల్లాలో ఏ తాపీ పనివాణ్ణి అడిగినా, ‘అందాజుగా ఇంత ఇసుక పడుతుంది’ అంటాడు. బాగ్దాదు పండితుని బిరుదు, మన్ననూరు మేస్త్రీ నోటి మాట ఒకే మూలం నుండి పుట్టినవి! ఇద్దరి మధ్య బంధుత్వం ఉందని ఇద్దరికీ తెలియదు, అంతే.

ఇది ఒక్క మాటతో ఆగదు. ఇంటికి వేసే ‘పునాది’ ఫార్సీ బునియాద్. వంపు తిరిగిన ‘కమాను’ ఫార్సీలో విల్లు. ‘గచ్చు’ కూడా ఫార్సీదే. ‘బురుజు’, ‘ఇమారతు’, ‘మరమ్మతు’, ‘నక్షా’, ‘హౌజు’ అరబీ. ‘దర్వాజా’ ఫార్సీ. ‘మేస్త్రీ’ మాత్రం పోర్చుగీసువారు వదలిపోయిన మాట. నీటి దగ్గరికి వచ్చేసరికి వరస మారిపోతుంది. ‘కట్ట’, ‘తూము’, ‘అలుగు’, ‘మత్తడి’, ‘కాలువ’ అచ్చమైన దేశీయాలు. చెరువు నీళ్ళు పంచే ‘నీరటి’ కూడా అంతే. కాకతీయుల కాలం నుండి చెరువులు కట్టిన నేల ఇది. ఆ విద్యకు ఎవరి దగ్గరా మాటలు అరువు తెచ్చుకోవలసిన పని లేకపోయింది. కోటలు, గుమ్మటాలు, మస్జిదులు కట్టిన దక్కను సుల్తానుల కాలంలో కట్టుబడి మాటలు వచ్చి చేరాయి. బహమనీల బీదరులో భూగర్భపు కారేజులు తవ్విన రోజుల నుండి ఈ కలయిక సాగుతూనే ఉంది. ఎవరూ కమిటీ వేయలేదు, నిఘంటువు రాయలేదు. ఒకడు రాయి ఎత్తుతుంటే రెండవవాడు అందుకోవాలి. ఆ అవసరమే మాటను పుట్టించింది.

1929లో ఉస్మానియా ఇంజనీరింగు కాలేజీ ప్రారంభమైంది. దేశం మొత్తంలో ఆరవది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంటూనే, బోధన ఉర్దూలో సాగింది. అక్కడ తయారైన పట్టభద్రులు సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి పనులు నడిపారు. పరాయి భాష లేకుండా పై చదువు సాధ్యం కాదన్న వాదనకు ఇంతకంటె బలమైన జవాబు అక్కరలేదు. కాలేజీ ప్రస్తుతపు సొంత భవనంలోకి 1947లో మారింది. అంతకు ముందే, విశ్వవిద్యాలయ ప్రాంగణమే వాస్తుశాస్త్ర పాఠశాలలా విద్యార్థుల కళ్ళ ముందు నిలిచింది. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ప్రభుత్వం యూరపు, అమెరికా, జపాను మొదలైన దేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయ భవనాలను చూసి రమ్మన్నది. కైరో దగ్గర హెలియోపోలిస్ నిర్మాణంలో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించింది. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ ముఖద్వారపు ఎత్తయిన కమాను కింద నిలబడి స్తంభాలను చూసిన వారికి, అజంతా, ఎల్లోరాల వైపు ఒక చెయ్యి, సమర్ఖందు వైపు ఒక చెయ్యి చాచినట్లు తోస్తుంది. నక్షా బెల్జియం వానిది, పర్యవేక్షణ హైదరాబాదీలది. గ్రానైటు ఈ నేలది, దాన్ని చెక్కిన చేతులూ ఈ దేశపువే. (వాస్తువిద్యకు మాత్రం ఇంజనీరింగు కాలేజీతో సంబంధం లేకుండా వేరే దారి ఏర్పడింది. 1940లో పుట్టిన కళాపాఠశాల లలితకళలు, వాస్తు కాలేజీగా ఎదిగి, 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరి, 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది.)

ఇంతవరకు చెప్పింది ఘనత. లోపం కూడా చెప్పకపోతే చరిత్ర అనిపించుకోదు. సంస్థానపు ప్రజలలో సగానికి దగ్గరగా తెలుగువారు. తరువాత మరాఠీలు, కన్నడిగులు. ఉర్దూ మాట్లాడేవారు వీరందరికంటె తక్కువ. మన్ననూరు వంటి ఊరిలో పుట్టిన పిల్లవాడికి, అతడు తెలుగువాడైనా చెంచువాడైనా, ఉర్దూ కూడా బడిలో నేర్చుకోవలసిన మరో భాషే. అసలు ఆ అడవిలో బడి ఎక్కడ ఉంది? ఇంగ్లీషు నుండి విడుదల పొందిన విద్య ప్రజలలో ఎక్కువమంది గడపకు చేరకుండానే ఆగిపోయింది. ఈ మాట అంటే ఉస్మానియా సేవను చిన్నబుచ్చినట్లు కొందరు బాధపడవచ్చు. న్యాయం పలికేటప్పుడు అది తనకు, తనవారికి వ్యతిరేకమైనా సరే నిలబడాలని ఖురాను బోధ. చరిత్రకారుడు దానికి మినహాయింపు కాడు.

1948 సెప్టెంబరు తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. మాతృభాష కాని భాషలో చదువు చెప్పడమే తప్పయితే, తప్పు దిద్దవలసిన దారి తెలుగు, మరాఠీ, కన్నడాల వైపు పోవలసింది. అది జరగలేదు. ముప్ఫై ఏళ్ళు శ్రమించి తయారుచేసిన ఉర్దూ ఇంజనీరింగు పరిభాష ఒక్కసారిగా పనికిరానిదయింది. దానిలో నుండి తెలుగుకు పనికివచ్చేది ఏదైనా ఉందా అని తరచి చూసినవారు అరుదు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి అనేక శాస్త్రాలలో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. కాని ఇంజనీరింగు తరగతి గది, అందునా పట్టభద్ర అనంతర తరగతి, ఇంగ్లీషులోనే మిగిలింది. నేల స్వభావం మీద ఎం.టెక్. విద్యార్థి రాసే సిద్ధాంత వ్యాసంలో నల్లమట్టికి ‘రేగుర్’ అని రాస్తాడు. అది తెలుగు ‘రేగడి’యే. తాత పొలంలో దున్నిన మట్టిని మనవడు ఇంగ్లీషు పుస్తకం ద్వారా మళ్ళీ పరిచయం చేసుకోవడం వింతగా లేదూ! 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా ఎనిమిది భాషలలో ఇంజనీరింగు పట్టభద్ర విద్యకు అనుమతి ఇచ్చింది. అనుమతి పత్రం ఒక్క రోజులో వస్తుంది. పుస్తకం రాయగల మీర్జా హాదీ రుస్వాలు ఒక్క రోజులో రారు.

ఈ విషయం కేవలం భాషాభిమానులదని అనుకోవద్దు. మన్ననూరు ఉన్న అమ్రాబాదు పీఠభూమి కింద, గట్టి శిలల గుండా, దోమలపెంట నుండి మన్నెవారిపల్లి వరకు దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం శ్రీశైలం నీళ్ళను నల్లగొండ వైపు తీసుకుపోవడానికి తలపెట్టారు. పైన పులుల అభయారణ్యం. అందువల్ల నడుమ ఎక్కడా బావి తవ్వి గాలికి, మనుషులకు దారి చేసే వీలు లేదు. రెండు చివరల నుండి రెండు యంత్రాలు తొలుచుకుంటూ రావలసిందే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు, ముఖద్వారం నుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారు జార్ఖండ్, ఉత్తర ప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్‌ల నుండి వచ్చినవారు. వారాల తరబడి వెతికితే ఇద్దరి భౌతికకాయాలు దొరికాయి. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. కారణాల విచారణ నిపుణుల పని. అయితే రాయి స్వభావం గురించిన నివేదిక ఒక భాషలో, యంత్రం మీద హెచ్చరికలు ఇంకో భాషలో, పనిచేసే మనిషి ప్రార్థించే భాష, భయపడే భాష మరొకటిగా ఉండే పనిస్థలాలు దేశమంతటా ఉన్నాయి. ఉస్మానియా అనువాదకులు 1917లో పని మొదలుపెట్టినప్పుడు వారి బల్ల మీద ఉన్న ప్రశ్న సరిగ్గా ఇదే.

అలీ నవాజ్ జంగ్ పుట్టిన జూలై 11ను తెలంగాణ ప్రభుత్వం 2014 నుండి ఇంజనీర్ల దినంగా జరుపుతోంది. ఆ సభలలో నిజాంసాగర్ ప్రస్తావన వస్తుంది, పూలమాలలు పడతాయి. దారుత్తర్జుమాలో కూర్చుని ‘కమాను’కు, ‘పునాది’కి శాస్త్రంలో చోటు వెతికిన వారి పేర్లు ఆ వేదికల మీద సాధారణంగా వినిపించవు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది గంటలకు గేటు పడుతుంది. తెల్లవారి ఆరింటికి తెరుచుకునేదాకా శ్రీశైలం దారిలో లారీలు వరసగా నిలబడతాయి.