సికింద్రాబాద్‌లో పుట్టారు.. లండన్‌ మెచ్చింది: ఎవరీ చార్లెస్ కొరియా?
ప్రపంచ ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే.. 1930 సెప్టెంబర్ 1న. 2013లో లండన్‌లోని బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా, 'ఇండియాస్ గ్రేటెస్ట్ ఆర్కిటెక్ట్' అంటూ ఆయన పనితనంపై ప్రత్యేక ఎగ్జిబిషన్ పెట్టింది. 6 వేలకు పైగా డ్రాయింగులున్న తన కలెక్షన్‌ను ఆయన ఆ సంస్థకే ఇచ్చేశారు.

ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని ఎల్ఐసీ జీవన భారతి బిల్డింగ్ ఆయన డిజైనే. మన హైదరాబాద్‌లోనూ ఆయన ముద్ర ఉంది. 1960ల్లో ఈసీఐఎల్ ఆఫీసును డిజైన్ చేసింది కొరియానే. ఏసీలనే నమ్ముకోకుండా, బిల్డింగ్ ఆకారం, పైకప్పు మీది పందిరి నీడతోనే ఎండను తట్టుకునేలా ప్లాన్ చేశారు. అద్దాల టవర్లు పెరుగుతున్న సిటీకి ఇప్పటికీ పనికొచ్చే పాఠమిది.

2006లో పద్మవిభూషణ్ అందుకున్న కొరియా, 2015 జూన్ 16న ముంబైలో కన్నుమూశారు.