1839 నుంచి లాసెట్ దాకా: మన ఏజెన్సీ చట్టాలు, వాటిని చదవాల్సిన మనం



లాసెట్ రాద్దామనుకునేవాళ్ళు, పారా లీగల్ వాలంటీర్‌గా చేరదామనుకునేవాళ్ళు ఈ మధ్య మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు: "లా చదివితే ఏమొస్తుంది? ఏ టీచర్ పోస్టో, గ్రూప్స్ ఉద్యోగమో చూసుకోవచ్చు కదా?" ఇది న్యాయమైన ప్రశ్నే. మా ఇళ్ళల్లో అమ్మానాన్నలు కూడా ఇదే అడుగుతారు. దీనికి జవాబు సలహాల్లాగా చెప్పేకంటే మన చరిత్రలోంచి చెప్తే బాగుంటుందనిపించింది. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన కొండల్లోకి బడి కంటే ముందు వచ్చింది కోర్టు. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల కోసం 24వ నంబరు చట్టం చేసింది. అక్కడ మామూలు కోర్టుల అధికారం తీసేసి, కలెక్టర్‌నే "ఏజెంట్"గా పెట్టి, సివిల్ అయినా క్రిమినల్ అయినా ఆయన చేతికే ఇచ్చారు. "ఏజెన్సీ" అనే మాట మనకి అక్కడి నుంచే వచ్చింది. ఇదేదో మనమీద ప్రేమతో చేసిన పని కాదు. తిరుగుబాట్లు అణచడానికి చేసిన ఏర్పాటు.

గోదావరి వైపు రంప కొండల్లో కథ ఇంకోలా నడిచింది. అక్కడ రాజమండ్రి వైపు కోర్టులే దిక్కు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు మనవాళ్ళకి చిన్న చిన్న అప్పులిచ్చి, కాగితాలు రాయించుకుని, కోర్టుకెళ్ళి దావా వేసేవాళ్ళు. సమన్లు వచ్చినా చదివేవాళ్ళు లేరు. అడవి దాటి అంత దూరం పోయి జవాబు చెప్పుకునే దారీ లేదు. అవతలివాడు రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీలు ఇచ్చేసేవాళ్ళు. ఆ డిక్రీ పట్టుకొచ్చి పశువుల్ని, పంటని తోలుకుపోయేవాళ్ళు. 1879లో రంప పితూరీ లేచినప్పుడు కల్లు మీద పన్ను, మన్సబుదారు దౌర్జన్యంతో పాటు ఈ డిక్రీల బాధ కూడా ముఖ్య కారణమని బ్రిటిష్ వాళ్ళ రికార్డులే ఒప్పుకున్నాయి. మన తాతలు బాణం పట్టడానికి ఉన్న కారణాల్లో ఒకటి, చదవలేని ఒక కోర్టు కాగితం.

పితూరీలు ఊరికే పోలేదు. తర్వాత వచ్చిన చట్టాలన్నీ వాటి భయంతో పుట్టినవే. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతివాడి భూమి ఏజెంట్ రాతపూర్వక అనుమతి లేకుండా బయటివాడికి పోతే చెల్లదని, వడ్డీకి కూడా హద్దు ఉండాలని అది చెప్పింది. నిజాం వైపు చూస్తే 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అమరుడయ్యాకే సర్కారు కదిలింది. హైమండార్ఫ్‌ని పంపి కారణాలు తెలుసుకుంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. అంటే పోరాటం ముందు, చట్టం వెనక. "లా చదివితే ఉద్యమాలు వదిలేసినట్టే" అనే అన్నలు ఈ వరస ఒకసారి చూడాలి. చట్టం పోరాటానికి బదులు కాదు. పోరాటంతో తెచ్చుకున్నది చేజారిపోకుండా కాపలా కాసే పని అది.

ఇక అందరికీ తెలిసిన 1/70. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1963లో తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకి కూడా వర్తింపజేశారు. దాన్ని సవరిస్తూ 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 అమల్లోకి వచ్చింది. మీటింగుల్లో దీని పేరు వందసార్లు విని ఉంటాం. కానీ లోపల ఏముందో ఎంతమంది చదివాం? మూడో సెక్షన్లో మూడు సంగతులున్నాయి. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి అమ్మేది గిరిజనుడైనా గిరిజనేతరుడైనా సరే, కొనేది గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో కాకపోతే ఆ అమ్మకం చెల్లదు. రెండు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. మూడు, దరఖాస్తు పెట్టడానికి ఆ భూమి పోగొట్టుకున్న మనిషే అక్కర్లేదు, సంబంధం ఉన్న ఎవరైనా పెట్టొచ్చు. అధికారి తనంతట తానే కేసు తీసుకోవచ్చు కూడా. గిరిజనేతరులు దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు 1/70 చెల్లుతుందని తేల్చింది.

ఇంత గట్టి చట్టం ఉండి కూడా భూములు ఎందుకు పోయాయి? బినామీ పేర్లు, పాత తేదీలు వేసిన తెల్లకాగితాలు, అమలు కాని ఉత్తర్వులు, వాయిదాకి వెళ్ళడానికి బస్సు చార్జీల్లేక ఆగిపోయిన కేసులు. ఇవన్నీ మన ఊళ్ళల్లో మనం చూస్తున్నవే. నిరూపించాల్సిన భారం అవతలివాడిది అని మనవాడికి తెలియక, అధికారి ముందు చేతులు కట్టుకుని "నా దగ్గర కాగితాల్లేవయ్యా" అని వెనక్కి వచ్చేస్తాడు. ఆ టైములో పక్కన నిలబడి సెక్షన్ చదివి వినిపించే మనిషి ఒక్కడుంటే చాలు. వాడు పెద్ద లాయరే కావాల్సిన పని లేదు.

ఒక్క మాటకి ఎంత బలముందో సమత తీర్పు చూస్తే తెలుస్తుంది. అనంతగిరి మండలం బొర్రా వైపు గనులని ప్రభుత్వం గిరిజనేతరులకి లీజుకిచ్చింది. సమత సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అక్కడ అసలు వాదన ఒక్క మాట చుట్టూ తిరిగింది: చట్టంలో "వ్యక్తి" అని రాశారు కదా, ఆ మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందా? 1997 జూలై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వస్తుందనే చెప్పారు. అంటే సర్కారు కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమిని గిరిజనేతరుడికి లీజుకివ్వడానికి లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏజెన్సీ స్కూళ్ళల్లో టీచర్ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. అయిదో షెడ్యూలులోని అయిదో పేరా కింద గవర్నర్ ఏది చేయగలడు, ఏది చేయలేడు అన్నది కూడా ఆ తీర్పులో పెద్ద చర్చ. ఆ తీర్పుతో మనకి కోపం వచ్చింది, ధర్నాలు చేశాం, మంచిదే. కానీ ఆ పేరాని చదివి, రేపు ఏ దారిలో తెస్తే నిలబడుతుందో చెప్పగలిగే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు? టీచర్ పోస్టు చూసుకోమని చెప్పే పెద్దలకి మా జవాబు కూడా ఇదే. ఆ పోస్టుని కాపాడటానికీ లా చదివినవాళ్ళు కావాలి.

పోడు సంగతి తీసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు అడగొచ్చు. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణాలు మనిషికి స్వయంగా తెలియజేయాలి, పైకి అప్పీలు చేసుకోవడానికి 60 రోజులుంటాయి. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, తిరస్కరణ అయినవాళ్ళని ఖాళీ చేయించమని ఆర్డర్ ఇచ్చి, అదే నెల 28న ఆపింది. అసలు తిరస్కరించేటప్పుడు పద్ధతి పాటించారా లేదా చెప్పమని రాష్ట్రాలని అడిగింది. 1879లో సమన్లు అందినా చదివేవాళ్ళు లేరు. ఇప్పుడు చాలామందికి తిరస్కరణ కాగితమే అందలేదు. మనం బీఏలు, బీఎస్సీలు చదివి ఊళ్ళోనే ఉండి కూడా ఇదే జరిగితే తాతలకేం చెప్తాం?

ఇప్పుడు దారుల గురించి. పారా లీగల్ వాలంటీర్లని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తీసుకుని శిక్షణ ఇస్తుంది. ఈ పథకం 2009లో మొదలైంది. ఇది ఉద్యోగం కాదు, పని చేసిన రోజులకి కొంత గౌరవ వేతనం ఉంటుంది. కోర్టులో వాదించడానికి లేదు. దరఖాస్తు రాయడం, స్టేషన్‌లో పెట్టిన మనిషి గురించి కనుక్కోవడం, ఉచిత లాయర్ దగ్గరికి తీసుకెళ్ళడం, ఇలాంటివే పని. 1987 చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఈ ఒక్క ముక్క ఊళ్ళో చెప్పినా సగం పని అయినట్టే.

లాసెట్ అయితే ఇంటర్ తర్వాత అయిదేళ్ళ కోర్సుకి, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సుకి. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. అందులో 60 లా మీద ఆసక్తి, అవగాహన చూసేవే. మిగతా 60 జనరల్ నాలెడ్జ్, కరెంట్ అఫైర్స్. తెలుగులో కూడా రాయొచ్చు. ఎస్టీలకి ర్యాంకు కోసం కనీస మార్కుల నిబంధన లేదు. రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు, అయిదో షెడ్యూలు, పీసా, 1/70 మన ఊరి కేసులతో కలిపి చదివితే ఆ 60 మార్కుల్లో కొంత ఇంట్లోనే ఉన్నట్టు. చదువు అయ్యాక బార్‌లో పేరు నమోదుకి వేలకి వేలు అడిగేవాళ్ళు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీలకి 125 రూపాయలకి మించి తీసుకోవద్దని చెప్పింది.

కష్టాలు దాచం. మొదటి కొన్నేళ్ళు జూనియర్‌గా డబ్బులు సరిగ్గా రావు. టౌన్‌లో గది అద్దె, నల్లకోటు, పుస్తకాలు అన్నీ ఖర్చే. కోర్టు భాష ఇంగ్లీషు, ఆఫీసు భాష తెలుగు, అమ్మ భాష కోయో, కువియో, గోండియో, సవరో. మూడిటి మధ్య నలిగిపోతాం. కానీ ఆ మూడూ తెలిసినవాడు మనలోంచే రావాలి, బయటి నుంచి రాడు. నిందితుడికి అర్థమయ్యే భాషలో సాక్ష్యం చెప్పాలని చట్టమే అంటోంది. ఆ మాట అడగడానికైనా కోర్టు హాల్లో మనవాడు ఒకడుండాలి.

అందుకని మా అడగడం ఇంతే. ఒక్కో మండలం నుంచి ఈ ఏడు ఒకరైనా లాసెట్‌కి, ఇద్దరైనా పారా లీగల్ శిక్షణకి పేరివ్వండి. పేరిచ్చేలోపు మీ ఊళ్ళో తిరస్కరించిన పోడు క్లెయిములెన్ని, కాగితం చేతికి అందినవాళ్ళెందరు, ఆగిపోయిన ఎల్‌టీఆర్ కేసులెన్ని, ఒక నోటుబుక్‌లో రాసి పెట్టండి. పుస్తకాలు మేం పంచుకుంటాం, ఆదివారాలు కూర్చుని కలిసి చదువుదాం.

జోహార్.