మందాగ్నిలో మ్రగ్గిన దుంప

ఉదయమున పనికి పోవు గృహిణి నాలుగైదు పెద్ద బంగాళాదుంపలను కడిగి, తడి తుడిచి, ముల్లుచెంచాతో అక్కడక్కడ పొడిచి, తొక్కపై రవ్వంత నూనెయు ఉప్పును రుద్ది, ఒక్కొక్కదానిని అల్యూమినియపు రేకులో బిగువుగా చుట్టి, నీరు చుక్కయైనను పోయక స్లో కుక్కరులో నమర్చి, మూతవేసి, తక్కువ వేడికి మీట త్రిప్పి వెడలిపోవును. ఎనిమిది గంటల పిమ్మట ఆమె తిరిగి వచ్చునప్పటికి ఆ దుంపలు నడిమివరకు మ్రగ్గి, చీల్చినంతనే ఆవిరి విడుచుచు, వెన్నకును ఉప్పునకును సిద్ధముగా నుండును. ఇంత సులభముగా జరుగు పనిని చూచి, ఇది యంత్రయుగమున పుట్టిన సోమరుల వంట యని త్రోసివేయువారు కలరు. ఆ నింద అన్యాయమైనది. ఇంట పొయ్యి లేనివారును, ఉన్న పొయ్యిని ముట్టింపరానివారును, ఇతరుల పొయ్యిలో మిగిలిన వేడిని అడిగి తెచ్చుకొని కడుపు నింపుకొనిన చరిత్ర యొకటి ఆ పాత్రకు వెనుక నున్నది. ఆ చరిత్ర నెఱిగిన వారెవ్వరును దానిని తేలికగా చూడజాలరు.

బంగాళాదుంపకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతశ్రేణి. నేటి పెరూ, బొలీవియా దేశముల నడుమ టిటికాకా సరస్సు పరిసరములందలి ఎత్తైన పీఠభూములలో, వేలకొలది సంవత్సరములకు పూర్వమే అచ్చటి జనులు దీనిని సాగుచేసిరి. కోతకాలమున వారు పొలములోనే మట్టిపెళ్లలను గుమ్మటముగా పేర్చి, లోపల మంటపెట్టి, పెళ్లలు బాగుగా కాలిన పిమ్మట దుంపలను లోన వేసి, గుమ్మటమును వానిపై కూలగొట్టి, మట్టిలో నిలిచిన వేడితోనే వానిని మ్రగ్గింతురు. ఉవాటియా అనబడు ఈ విధానము నేటికిని ఆ కొండలలో వాడుకయందున్నది. మంట ఆరిన తరువాత మిగులు వేడియే చక్కగా వంట చేయునను సంగతి, దుంపతోబాటు పుట్టిన విద్యయే యనవలెను.

16వ శతాబ్దమున స్పెయిను దేశీయులవలన ఈ దుంప ఐరోపాకు చేరెను. చిరకాలము అనుమానముతో చూడబడి, తుదకు పేదల పళ్లెములలో ప్రధానస్థానమును సంపాదించెను. అయితే దుంపను ఉడుకబెట్టుటకు కుండయు నీరును చాలును గాని, కాల్చుటకు నాలుగువైపుల సమముగా వేడి తగులు మూసిన పొయ్యి కావలయును. 19వ శతాబ్దపు లండను నగరమున ఒంటిగదిలో కాపురముండు కూలివానికి అట్టి పొయ్యి ఎక్కడిది? అది రొట్టెలు కాల్చువాని యంగడిలో నుండెను. కనుక పండుగనాటి మాంసమును, ఆదివారపు భోజనమును పేదలు పాత్రలలో పెట్టుకొని ఆ యంగడికి మోసికొనిపోయి, కాసులిచ్చి కాల్పించుకొని తెచ్చుకొనుచుండిరి. చార్లెసు డికెన్సు 1843లో ప్రకటించిన క్రిస్మసు కథలో క్రాచిట్టు కుటుంబమువారి పెద్దబాతు కాలినది రొట్టెలవాని పొయ్యిలోనే.

ఈ పొయ్యినే ఆధారము చేసికొని లండను వీథులలో ఒక చిన్న వర్తకము మొలకెత్తెను. హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత, ఆ నగరపు వీథివర్తకుల బ్రతుకులను వారి నోటనే విని, ఓపికతో వ్రాసికొని, 1851లో ప్రకటించిన మహాగ్రంథమున కాల్చిన దుంపల నమ్మువారికిని చోటిచ్చినాడు. ఆయన వ్రాయునాటికి ఆ వర్తకము పుట్టి సుమారు 15 సంవత్సరములే యైనది. వర్తకుడు పెద్ద దుంపలనే యేరి కొని, కడిగి, రొట్టెలవానికి అప్పగించును. అతడు పెద్ద తగరపు పళ్లెములలో వానిని పఱచి గంటన్నర సేపు కాల్చి, హండ్రెడ్‌వెయిటు అను తూకమునకు 9 పెన్నీల చొప్పున కూలి తీసికొనును. పిమ్మట ఆ దుంపలు పచ్చని ఉన్నిగుడ్డ కప్పిన బుట్టలో ఇల్లు చేరి, అక్కడనుండి వర్తకుని డబ్బాలోనికి పోవును.

ఆ డబ్బాను గూర్చి మేహ్యూ వ్రాసిన వర్ణనము మిక్కిలి విలువైనది. నాలుగు కాళ్లపై నిలిచి, సగము మూతయు పెద్ద పిడియు గల తగరపు పాత్ర యది. అడుగున ఇనుప నిప్పుకుండ వ్రేలాడుచుండును. దానికి సరిగా పైన, పాత్ర లోపల, వేడినీటి తొట్టి దాగియుండి, దుంపలను చల్లారనీయక కాపాడును. ఆవిరి పోవుటకు ఒక సన్నని గొట్టము. ఒక కొనను వెన్నకును ఉప్పునకును అర, మరొక కొనను బొగ్గులకు అర. అంటే నిప్పు దుంపను సూటిగా తాకదు. నీటిద్వారా, పాత్రగోడలద్వారా మందముగా వచ్చిన వెచ్చదనము మాత్రమే దానిని చేరును. స్లో కుక్కరు లక్షణము ఇంతకంటె వేఱుకాదు. వర్తకులు ఆ డబ్బాలను నిగనిగలాడునట్లు తోమి, రాజుల పేళ్లను వానిపై చెక్కించుకొని గర్వపడుచుండిరి. షూ లేను వీథిలోని డబ్బా నగరమునకెల్ల అందమైనదని ప్రసిద్ధి. ఇత్తడితో చేసి, జర్మను సిల్వరుతో అలంకరించి, రంగుటద్దముల దీపములు తగిలించిన ఆ డబ్బాకు 10 గినీలు పట్టెనట. అందలి దుంప వెల అర పెన్నీ. ఆగస్టు నడుమ మొదలుకొని ఏప్రిలు చివరివరకు ఈ వర్తకము సాగుచుండెను. చలిరాత్రులందు కొందరు దుంపను కొని, తినుటకు ముందు చేతులు వెచ్చజేసికొనుచుండిరని ఆయన చెప్పిన మాట చదివినపుడు, అర పెన్నీకి ఆహారమును అగ్నియు రెండును కొనుక్కొనిన ఆ బీదల యందు మనకు గౌరవము కలుగక మానదు.

అమెరికాలో ఈ దుంపకు పట్టిన యోగము వేఱు. అక్కడ అది పేదవాని చేతిలోనుండి రైలుబండి భోజనశాలకు ఎక్కెను. లూథరు బర్బాంకు అను తోటకాపు మస్సాచుసెట్సు రాష్ట్రమున ఒక బంగాళాదుంప మొక్కకు అరుదుగా కాచిన విత్తనపుకాయను చూచి, అందలి గింజలను నాటి, మేలైన దుంపరకము నొకదానిని సాధించి, దానిని 150 డాలర్లకు విత్తనవర్తకున కమ్మి, 1875లో కాలిఫోర్నియాకు తరలిపోయెను. దానినుండి వచ్చినదే గరుకుతొక్క గల రస్సెట్ బర్బాంకు. పిండిపదార్థ మధికముగను తేమ తక్కువగను ఉండుటచే, కాల్చినపుడు ముద్దగాక పొడిపొడిగా విరియునది. వాషింగ్టను రాష్ట్రపు యాకిమా లోయలో దుంపలు ఒక్కొక్కటి రెండు పౌనులకు మించి పెరుగగా, ఇంత పెద్దవానిని వండు టెట్లని రైతులు వానిని పందులకు మేపుచున్నారని నార్తర్ను పసిఫికు రైలుసంస్థ భోజనశాలల అధికారి హేజెను టైటసు వినెను. ఆయన వానిని నిదానముగా కాల్పించి చూచి, వాని రుచికి ఆశ్చర్యపడి, 1909 నుండి బండిలో వెన్నతోగూడ 10 సెంట్లకు వడ్డింపజేసెను. ఆ దుంపయే సంస్థకు చిహ్నమైపోయెను. 1914లో సియాటిలులో కట్టిన వారి వంటల భవనముపై 40 అడుగుల దుంపబొమ్మ నిలిచెను. పందుల పాలైన దుంప ప్రతిష్ఠకెక్కుటకు కారణము కొత్త వంగడమును గాదు, కొత్త దినుసును గాదు. వంటవాడు చూపిన ఓపిక మాత్రమే.

ఇక ఈ కథకు ప్రాణమైన ఘట్టము లిథువేనియాలోని విల్నా నగరమున నున్నది. యూదుల ధర్మశాస్త్రము సబ్బాతు దినమున, అనగా శుక్రవారపు సూర్యాస్తమయము మొదలు శనివారము రాత్రివరకు, నిప్పు ముట్టింపరాదని శాసించును. అయినను ఆ పుణ్యదినమున చల్లని కూడు తినుట పండుగకు తగదు. అందుచే చిక్కుడుగింజలు, బార్లీ, బంగాళాదుంపలు, మాంసము ఒక కుండలో చేర్చి, శుక్రవారము మధ్యాహ్నమే దానిని రొట్టెలవాని యంగడికి పంపుదురు. అతడు ఆ వారమునకు పొయ్యి నార్పి, కుండలను లోన పేర్చి, తలుపు బిగించును. ఆరిన పొయ్యి యిటుకలలో దాగిన వేడి రాత్రియంతయు ఆ కుండలను మ్రగ్గించును. మరునాడు ప్రార్థన ముగియగానే ఇంటింటివారును తమ కుండలను తెచ్చుకొందురు. చోలెంటు అనబడు ఆ వంటకమున దుంప యెఱ్ఱబాఱి, రసమునెల్ల పీల్చుకొని, నోట కరుగును. తమారా అను బాలిక ఆ నగరమున తల్లి పంపగా అట్టి కుండను మోసికొనిపోయెడిది. తరువాత ఆమె అమెరికా చేరెను. 1902లో ఆమెకు జన్మించిన కుమారుడే ఇర్వింగు నాక్సను.

నాక్సను చికాగోలో యంత్రవేత్త. బహుయంత్రములకు హక్కుపత్రములు సంపాదించినవాడు. తల్లి చెప్పిన కుండకథ అతని మనస్సున నాటుకొనెను. ఇటుకల పొయ్యి చేయు పనిని ఇంటిలోని చిన్న పాత్ర చేయకూడదా యని ఆలోచించి, పాత్ర ప్రక్కల చుట్టును విద్యుత్తుతో వేడియెక్కు తీగను అమర్చి, వేడి అన్ని వైపులనుండి సమముగా తగులునట్లును, ఎండకాలమున ఇల్లు కాగిపోకుండునట్లును ఒక సాధనము కల్పించి, 1936 మే నెలలో హక్కుపత్రమునకై అర్జీ పెట్టెను. అది 1940 జనవరి 23న లభించెను. మరుసటి సంవత్సరమే నాజీసేనలు విల్నా నాక్రమించెను. శతాబ్దములుగా విద్యకును భక్తికిని నెలవైన ఆ నగరపు యూదజనములో అత్యధికభాగము హతమార్చబడెను. శుక్రవారపు కుండల నందుకొనిన ఆ రొట్టెలవారును లేకపోయిరి. ఒక జాతి వంటయింటి జ్ఞానము, దాని నేల నిర్మూలమగుటకు ముందే, సముద్రము దాటి ఒక తల్లి నోటనుండి కొడుకు చెవిని చేరి యంత్రరూపమున నిలిచినదని తలచినపుడు, ఆ పాత్రను పరికరముల జాబితాలో ఒకటిగా లెక్కించుటకు నాకు మనస్సొప్పదు.

యుద్ధానంతరము నాక్సను దానిని చిక్కుడుగింజలు వండు పాత్రగా అమ్మెను. 1970లో కాన్సాసు సిటీలోని రైవలు కంపెనీ అతని సంస్థను కొని, అన్ని వంటలకును తగునట్లు మార్చి, క్రాక్‌పాట్ అను పేరుతో 1971లో చికాగోలో జరిగిన గృహోపకరణముల ప్రదర్శనలో పెట్టెను. ఆనాడు అమెరికా స్త్రీలు లక్షలకొలదిగా ఉద్యోగములకు పోవుచుండిరి. అయినను సాయంకాలపు వంటభారము వారిమీదనే యుండెను. ఆ భారమును పంచుకొనుటకు పురుషులు ముందుకు రాలేదు. ఒక మట్టికుండ వచ్చినది. 1971లో 20 లక్షల డాలర్లుగా నున్న అమ్మకము 1975 నాటికి 9 కోట్ల 30 లక్షలకు పెరిగెనని చెప్పుదురు. 1974లో లోపలి కుండను పైకి తీసి కడుగు వీలు కలిగెను. 1975లో మేబులు హాఫ్‌మను వెలువరించిన ఈ పాత్ర వంటల పుస్తకము విశేషముగా అమ్ముడుపోయెను.

మందాగ్నిని నమ్మిన వంట మన తెలుగునాటికిని కొత్తది కాదు. పిడకల దాలిలో పాలకుండ పెట్టి ప్రొద్దు గ్రుంకువరకు ఎఱ్ఱగా కాచిన మన అవ్వలును, కుమ్ములో చిలగడదుంపలను పూడ్చిన పిల్లలును, గోదావరి తీరమున తేగలను తంపటి వేసిన రైతులును ఆ విద్యనే ఎఱిగినవారు. విదేశమున కాపురమున్న తెలుగు ఇల్లాలు స్లో కుక్కరును కొనునపుడు, తనకు పరిచితమైన దానినే మరల తెచ్చుకొనుచున్నది.

ఈ పాత్రలో మ్రగ్గిన దుంపను పొయ్యిలో కాలిన దుంపతో సమానమని చెప్పుట సత్యము కాదు. తొక్క పెళుసెక్కి గోధుమవన్నె దేలుటకు ఎండిన గాలియు, మరుగునీటి వేడిని బహుదూరము మించిన తాపమును కావలయును. మూతపెట్టిన కుండలో, రేకు చుట్టిన దుంపకు ఆ రెండును లేవు. కనుక తొక్క మెత్తగనే యుండును; పెళుసు కోరువారు తుదకు పది నిమిషములు కాగిన పొయ్యిలో పెట్టవలెను. కాని లోపలి గుజ్జు విషయమున నిదానమునకు సాటిలేదు. దుంపలోని పిండిరేణువులు 60 డిగ్రీలు దాటిన పిమ్మట తేమను పీల్చి ఉబ్బును. కణములను అంటించి పట్టుకొనిన పెక్టిను అంతకు మించిన వేడిలో నెమ్మదిగా సడలును. కుండ సగము వెచ్చదనములోనే చాలసేపు నిలిచినచో, 55 నుండి 60 డిగ్రీల నడుమ దుంపలోని ఒక ఎంజైము ఆ పెక్టినును గట్టిపఱచును. అట్టి దుంప పిమ్మట ఎంతసేపటికిని సరిగా మెత్తబడదు. మాటిమాటికి మూత తీసి వేడిని పోనీయరాదనుటకు ఇదియు నొక కారణము. ఎక్కువ, తక్కువ అను మీటలు రెంటను కుండ తుదకు చేరు వేడి ఇంచుమించు ఒకటే. భేదమెల్ల చేరు కాలములో నున్నది. ఎక్కువ వేడిని నాలుగైదు గంటలు చాలును.

చదువరులకు ఒక్క హెచ్చరిక చేయక విడువరాదు. దుంప మట్టిలో పెరుగునది. బొటులినము అను విషక్రిమి బీజములు దానినంటి యుండవచ్చును. ఈ వేడికి అవి చావవు. రేకులోపల గాలి సోకదు. దుంప చల్లారి గదిలో నిలిచినచో అవి మొలకెత్తి విషమును కల్పించును. 1994లో టెక్సాసు రాష్ట్రపు ఎల్ పాసో నగరమున, రేకులో కాల్చి బయట వదలిన దుంపలతో చేసిన పచ్చడి తిని 30 మంది ఈ విషమువలన రోగగ్రస్తులైరి. కావున వండిన దుంపను వేడి చల్లారకముందే తినుడు. మిగిలినచో రేకు పూర్తిగా విప్పి, జాగుచేయక ఫ్రిజ్జులో పెట్టుడు.