బాపు బొమ్మ

చిత్రకారుడు, సినీ దర్శకుడు బాపు (సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933–2014) కుంచె నుంచి వచ్చిన స్త్రీమూర్తికి తెలుగు వాడుకలో నిలిచిపోయిన పేరు బాపు బొమ్మ. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ఆయన గీసిన బొమ్మ. రెండోది ఆ బొమ్మలా కనిపించే అమ్మాయి: వాలుజడ, చారడేసి కళ్లు, అంచు చీర లేదా పరికిణీ ఓణీ, నుదుట నిండు బొట్టు. మొదటి అర్థం వారపత్రికల నుంచి వచ్చింది. రెండోది బలపడటంలో సినిమా పాటకు పెద్ద వాటా ఉంది. గోదావరి సీమలో బొమ్మ, పాట, ముస్తాబు ఒకదాన్నొకటి ఎలా మలిచాయన్నదే ఈ వ్యాసం పరిధి. బాపు వ్యంగ్య చిత్రాలు, రామాయణ చిత్రాలు ఇందులోకి రావు.

పూర్వరంగం

గోదావరి డెల్టాలో బొమ్మ, పాట, ముస్తాబుల చుట్టరికం బాపుతో మొదలైంది కాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) వేసిన ‘పుష్పాలంకరణ’కు వస్తువే స్త్రీల ముస్తాబు. భీమవరం ప్రాంతపు అడివి బాపిరాజు (1895–1952) పాటలు రాశారు, బొమ్మలు వేశారు, సినిమాలకు కళాదర్శకత్వమూ చేశారు. ఆయనకూ రామారావుకూ గురువు ఒక్కరే, రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చాక, పాటలోంచి పుట్టిన ఆ పిల్లకు రూపం కట్టే పని చిత్రకారులు అందుకున్నారు. మగవారి సంగతికొస్తే, పిఠాపురం ప్రాంతం నుంచి వచ్చిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గిరజాల జుట్టు కుర్రకవులకు ఆయన కవిత్వంతోపాటే అంటుకుందని చెబుతారు.

బాపు గీతను నేరుగా దామెర్లకు వారసత్వంగా చూపేవారున్నారు. ఊరి అభిమానం మీద ఆ మాట వినడానికి బాగుంటుంది. కానీ దామెర్లది నీటిరంగుల్లో నీడలు పరిచే పద్ధతి, బాపుది నల్లసిరా గీత. తమిళ పత్రికల చిత్రకారుడు గోపులు మీద బాపుకున్న గౌరవం అందరికీ తెలిసిందే. అందువల్ల రాజమండ్రి చిత్రశాల కంటే మద్రాసు పత్రికాఫీసుల్లోనే ఈ బొమ్మ మూలాలు వెతకడం మేలు.

గీత

బాపు పుట్టింది నరసాపురంలో, పెరిగింది ఎక్కువగా మద్రాసులో. ఆయన జంట రచయిత ముళ్లపూడి వెంకటరమణ (1931–2011) ధవళేశ్వరంలో పుట్టి చిన్ననాడే మద్రాసు చేరారు. ఇద్దరి పేర్లూ ‘బాల’ పత్రికలో బాల్యంలోనే కనిపిస్తాయి. అయితే బాపు వృత్తి జీవితానికి ఆరంభంగా 1955ను తీసుకోవడమే పద్ధతి. న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని ‘ఆంధ్రపత్రిక’లో కార్టూనిస్టుగా చేరింది ఆ ఏడాదే.

ఆనాటి వారపత్రిక కాగితం నాసిరకం. ఛాయలున్న బొమ్మకు హాఫ్‌టోన్ బ్లాకు చేయించి ఆ కాగితం మీద అచ్చేస్తే ముఖం కాస్తా బూడిదరంగు మచ్చగా మిగిలేది. గీత బ్లాకు మాత్రం చెక్కుచెదరకుండా పడేది. బాపు బొమ్మ పొదుపుకు ఇదొక కారణం కావచ్చు. జడనే చూడండి: చాలా బొమ్మల్లో అది మెడ దగ్గర లావుగా మొదలై, నడుము ఒంపును తప్పించుకుని, ఒక్క ఊపులో కిందికి జారి కుప్పెల దగ్గర ఆగుతుంది. మల్లెదండకు నాలుగు చుక్కలు, చీర అంచుకు రెండు గీతలు, అంతే. నగలు తక్కువ. ఇంత కొద్ది సామగ్రితో తయారైన రూపం కాబట్టే దాన్ని ఇంట్లో ఎవరైనా అనుకరించగలిగారు. ఓ జడ, ఓ అంచు చీర, ఓ బొట్టు ఉంటే సరిపోయేది.

జడ పాత్రకు పేరుగా మారిన సందర్భం కూడా ఉంది. రమణ హాస్య రచన ‘బుడుగు’లోని రెండుజెళ్ల సీతను బాపు బొమ్మలో చూసిన తరం ఆ జడలను మరిచిపోలేదు. నరసాపురం మనిషే అయిన జంధ్యాల 1983లో తీసిన సినిమాకు ‘రెండుజెళ్ల సీత’ అనే పేరు పెట్టారు. దానికి సంగీతం రమేశ్ నాయుడు.

తెర, పాట

బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967) తూర్పు గోదావరి పులిదిండిలో, చాలామటుకు ఆరుబయటే తీశారు. ‘అందాల రాముడు’ (1973) పడవ మీద భద్రాద్రికి సాగే కథ. ప్రతి షాటునూ ముందు కాగితం మీద బొమ్మగా వేసుకోవడం బాపు అలవాటు. దాంతో వారపత్రిక అమ్మాయి కొలతలు మారకుండా తెరమీదికి నడిచొచ్చింది. ‘సీతాకల్యాణం’ (1976)లో సీతగా వేసిన జయప్రద రాజమండ్రి అమ్మాయే.

ఈ వరుసలో ‘ముత్యాలముగ్గు’ (1975) కాస్త ఆగి చూడవలసినది. కథానాయిక సంగీత. ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆరుద్ర రాయగా సుశీల పాడిన ‘ముత్యమంతా పసుపు’ పేరంటపు పాటల బాణీలో నడుస్తుంది. దాని వస్తువు పసుపూ బొట్టూ, అంటే ముఖానికి చేసుకునే ముస్తాబే. బొమ్మలో రెండు రంగులకు మించని అలంకారానికి ఇక్కడ పాట తోడైంది. పేరంటాలకు వెళ్లే ఆడవాళ్ల నోట ఆ పాట నిలిచింది. అదే సినిమాలో కాకినాడ ప్రాంతపు రావు గోపాలరావు కాంట్రాక్టరు వేషం మగవారికో మాటతీరు నేర్పింది. కళాపోషణ గురించి ఆయన చెప్పిన ముక్క సినిమా చూడనివారి వాడుకలోకీ దిగింది.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఈ గోదావరి పాటలకు బాణీ కట్టిన కె.వి. మహదేవన్ నాగర్‌కోయిల్ వైపు మనిషి. ‘ముత్యాలముగ్గు’ నిండా వినిపించే మాండలిన్ బొంబాయి సజ్జాద్ హుస్సేన్‌ది. ఆరుద్రది విశాఖ. బాపు వినడానికి ఇష్టపడిందేమో మెహదీ హసన్ గజళ్లు. డెల్టా సొంత సొగసుగా చెప్పుకునేది చాలావరకు మద్రాసులో కుదురుకుని, సినిమా డబ్బాల్లో డెల్టాకు తిరిగొచ్చిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందువల్ల దాని విలువేమీ తగ్గదు.

ముస్తాబు

1991లో వచ్చిన ‘పెళ్లి పుస్తకం’లోని ‘శ్రీరస్తు శుభమస్తు’ పెళ్లి వీడియోలకు విడదీయరాని పాటైంది. పెళ్లికూతురి వాలుజడ, పెద్దంచు చీర కెమెరాకు పక్కగా తిరిగి నిలబడే తీరు కూడా బాపు చట్రంలోవే. ఓణీల వేడుకకు ‘బాపు బొమ్మలా’ తయారుచేయమని అడిగితే ఏం కావాలో వేరే చెప్పనక్కర్లేదు. బాపు బొమ్మలు అచ్చేసిన చీరలు కూడా అమ్మకానికొచ్చాయి. బట్ట మీది అమ్మాయీ కట్టుకున్న అమ్మాయీ ఒకే జడతో ఉంటారు.

నరసాపురం ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఇళ్లలో ఆడవాళ్లు అల్లే లేసు. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే ఊళ్లో పుట్టిన బాపు బొమ్మల మీద మాత్రం లేసు దాదాపు కనిపించదు. ఆ సరుకు ఎక్కువగా పైదేశాలకు పోయేది కాబట్టి ఇందులో వింత లేదు.

తరువాత

పసలపూడి కథకుడు, దర్శకుడు వంశీ సినిమాల్లో ఇళయరాజా పాటలతో గోదావరి చిత్రణ మరో దారి పట్టింది. ఆయన ‘మా పసలపూడి కథలు’ ‘స్వాతి’ వారపత్రికలో వచ్చినప్పుడు బొమ్మలు బాపువే. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) మళ్లీ భద్రాచలం పడవ ఎక్కింది. దాని నాయిక పేరు సీత, ఆమె బట్టల బొటిక్ నడుపుతుంది. ఈసారి బట్టలు కుట్టించేది బొమ్మే. కోనసీమ మట్టపర్రు నుంచి వచ్చిన సుకుమార్ తీసిన ‘రంగస్థలం’ (2018) గళ్ల లుంగీ, మట్టి, చెమటలతో డెల్టాకు బాపు వదిలేసిన సగాన్ని చూపింది.

ఆ సినిమాకు పాటలు కట్టిన దేవిశ్రీ ప్రసాద్‌ది గోదావరి సీమలోని వెదురుపాక కుటుంబం. అంతకు ఐదేళ్ల ముందు, 2013లో, ‘అత్తారింటికి దారేది’ కోసం రామజోగయ్య శాస్త్రి రాయగా ఆయన బాణీ కట్టిన ‘బాపుగారి బొమ్మో’లో నాయికను పొగడడానికి చిత్రకారుడి పేరే పల్లవిలోకి వచ్చింది. బాపు పద్మశ్రీ అందుకున్నదీ ఆ ఏడాదే. మరుసటి ఏడు ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు. ఆయన చేతిరాతను పోలిన ఫాంట్లు శుభలేఖల మీద ఇప్పటికీ కనిపిస్తాయి.