హక్కు, ఫిర్యాదు, రసీదు

హక్కు, ఫిర్యాదు, రసీదు, దావా. ఈ నాలుగు మాటలూ అరబ్బీ, ఫార్సీల నుండి వచ్చి తెలుగులో కలిసిపోయినవే. రోజూ వాడుతూనే ఉంటాము. కాని డబ్బిచ్చి మోసపోయిన నాడు మాత్రం "పోనీలే" అని ఊరకుంటాము. ఈ హక్కు మనకెలా వచ్చిందో సభ్యులకు, వారి కుటుంబాలకు తెలియజేయుట మా ఉద్దేశము.

పూర్వం ముస్లిం రాజ్యాల నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తూకాలు, కొలతలు తనిఖీ చేసేవాడు. స్వాతంత్ర్యం తరువాత 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము, 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చాయి. వీటివల్ల దోషికి శిక్ష పడవచ్చు గాని, నష్టపోయినవాడు పరిహారం కోసం సివిల్ కోర్టుకే పోవలసి వచ్చేది. ఖర్చులకు, వాయిదాలకు జడిసి మామూలు సంసారులు ఆ గడప తొక్కేవారు కాదు.

1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టము ఆ లోటు తీర్చింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో మూడు మెట్లు ఏర్పడ్డాయి. వకీలు లేకున్నా మన గోడు మనమే చెప్పుకోవచ్చు. డబ్బు తీసుకొని చేసే వైద్యం కూడా దీని కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రికి మాత్రం వర్తించదు.

జ్వరాల ఆసుపత్రి వల్ల మన నల్లకుంట పేరు ఊరూరా తెలుసు. అందుచేత జ్వరం గురించిన ఒక హైదరాబాదు కేసు ఇక్కడ చెప్పదగినది. 2002లో ఒకాయన జ్వరంతో ఉన్న భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాడు. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు. పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి తీసుకుపోతే, రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. ఆమె దక్కలేదు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారము, కట్టిన 10 వేలు వాపసు ఇవ్వమన్నది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ ఆ తీర్పు కొట్టివేసింది. జాతీయ కమిషన్‌లోనూ ఓటమే. ఆయన వదలలేదు. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదని 2010 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పి, జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. పోయిన మనిషి తిరిగిరాదు. అయినా ఆ తీర్పు ఎందరికో దారి అయింది. రెండో ఆసుపత్రి కాగితాలు, ఆయన పట్టుదల, ఈ రెండే ఆయనను గెలిపించాయి.

2019 నాటి కొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. మనం కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకుంటే రుసుము లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే విచారిస్తుంది. గడువు 2 సంవత్సరాలు. అక్కడ ఓడితే 45 రోజులలో అప్పీలు చేయవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

కనుక సోదర సోదరీమణులారా, దుకాణంలో గాని ఆసుపత్రిలో గాని రసీదు అడగడానికి మొహమాటపడకండి. తెచ్చిన రసీదు చింపకుండా దాచండి. చదువురాని పొరుగువారుంటే అర్జీ రాసిపెట్టండి. హక్కు చట్టంలో ఉన్నది, దాన్ని అడిగి తీసుకోవడం మన చేతిలో ఉన్నది.