తిత్లీ తుపాను అనంతరం ఉద్దానం: తోటల పునరుద్ధరణ, ప్రభుత్వ సహాయం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరాన్ని 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను తాకింది. పలాస సమీపంలో తీరం దాటిన వేళ గాలులు గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతోను, ఒక్కొక్క విసురులో 165 కిలోమీటర్ల వేగంతోను వీచాయి. వజ్రపుకొత్తూరు, మందస, పలాస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. విద్యుత్ స్తంభాలు కూలి గ్రామాలు చీకటిలో మునిగాయి, తాగునీటి పథకాలు నిలిచిపోయాయి. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు పలాసలో మకాం వేసి సహాయ కార్యక్రమాలను పర్యవేక్షించారు.

తీగలు లాగితే విద్యుత్తు వస్తుంది, చెట్లు తొలగిస్తే రహదారి తెరుచుకుంటుంది. తోట విషయం వేరు. కూలిన కొబ్బరిచెట్టు స్థానంలో మరొకటి కాపుకు రావడానికి పట్టే సంవత్సరాలను ఏ ఉత్తర్వూ తగ్గించలేదు. తుపాను సహాయ నిబంధనలు మాత్రం ప్రధానంగా ఒక పంటకాలపు నష్టాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. ఉద్దానంలో నష్టపరిహారంపై జరిగిన చర్చకు మూలం ఈ తేడాలోనే ఉంది.

ఉద్యానవనం అనే మాటే వాడుకలో ఉద్దానమైందని చెబుతారు. సముద్రతీరపు ఇసుక నేలల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి, మునగ కలిసి పెరిగే ప్రాంతమిది. ఇక్కడి చిన్న రైతుకు కొబ్బరి అంటే ఏడాదికొకసారి ఇంటికి చేరే ధాన్యం వంటిది కాదు. దాదాపు నెలన్నర, రెండు నెలలకొక దింపు ఉంటుంది, దింపు దింపుకూ కొంత రొక్కం చేతికి వస్తుంది. పిల్లల చదువు, కిరాణా బాకీ, మూత్రపిండాల వ్యాధిగ్రస్తులున్న ఇళ్లలో మందుల ఖర్చు ఈ దింపుల మీదనే నడుస్తాయి. ఆ వ్యాధి ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా పీడిస్తున్నదనీ, దానికోసం పలాసలో ఏర్పాటైన పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయనీ పాఠకులకు విదితమే. తిత్లీ నాటికి అవి లేవు.

చెట్టుకు ఎంత?

2015-20 కాలానికి కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం పెట్టుబడి రాయితీ వర్షాధార పంటలకు హెక్టారుకు 6,800 రూపాయలు, నీటి వసతి గల పంటలకు 13,500 రూపాయలు, బహువార్షిక పంటలకు 18,000 రూపాయలు. నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉండాలి. చిన్న, సన్నకారు రైతులకు రెండు హెక్టార్ల పరిమితి వర్తిస్తుంది. హెక్టారుకు సుమారు 150 కొబ్బరిచెట్లు ఉంటాయనుకుంటే 18,000 రూపాయలను చెట్లకు పంచగా ఒక్కొక్క చెట్టుకు వచ్చేది 120 రూపాయలు. కూలిన మానును కోయించి గట్టుకు చేర్చే కూలికే అది చాలదు.

ఈ కారణంగా రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర ప్రమాణాలకు మించి, చెట్టు ప్రాతిపదికన కొబ్బరికి 1,500 రూపాయలు ప్రకటించింది. అనంతరం అధికారంలోకి వచ్చిన శ్రీ వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం 2019 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని చెట్టుకు 3,000 రూపాయలకు, జీడితోటలకు సహాయాన్ని హెక్టారుకు 50,000 రూపాయలకు పెంచుతున్నట్లు ప్రకటించింది. హెక్టారు లెక్కను విడిచి చెట్టు లెక్కకు మారడమే ఇందులో ముఖ్యమైన మార్పు. మొత్తాల పెంపు ఆ తరువాతి విషయం.

ఆ మొత్తాలు ఎంతకాలపు ఆదాయానికి సరితూగుతాయో ఒక ఊహాలెక్క వేసి చూడవచ్చు. చెట్టుకు ఏడాదికి 70 కాయలు, కాయకు 10 రూపాయలు అనుకుంటే ఖర్చులు తీయకముందు ఆదాయం 700 రూపాయలు. 1,500 రూపాయలు రెండు సంవత్సరాల ఆదాయానికి, 3,000 రూపాయలు నాలుగు సంవత్సరాల పైచిలుకు ఆదాయానికి సమానం. పొడవు రకం కొబ్బరి తొలి కాపుకు ఆరేడు సంవత్సరాలు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. సంకర రకాలు నాలుగైదు సంవత్సరాలలో కాపుకు వచ్చినా వాటికి నీరు, ఎరువు క్రమం తప్పక అందాలి. పెంచిన సహాయంతో సైతం మధ్యలో రెండు మూడేళ్ల వెలితి మిగులుతుంది.

వెలితి మరింత పెరగడానికి ఇంకొక కారణం ఉంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుపాను కూడా ఈ తోటలనే దెబ్బతీసింది. ఆ మరుసటి వర్షాకాలంలో నాటిన మొక్కకు తిత్లీ నాటికి నాలుగేళ్లు. ఫైలిన్ నష్టం పూడకముందే తిత్లీ వచ్చిందని ఉద్దానం రైతు చెప్పే మాటలో అతిశయోక్తి లేదు.

లెక్కింపులో చిక్కులు

చెట్టు ప్రాతిపదిక న్యాయమైనదే, అయితే దానికి ప్రతి తోటకూ వెళ్లి చెట్లను లెక్కించాలి. పడిపోయిన చెట్టు కంటికి కనిపిస్తుంది. మొవ్వు మెలితిరిగి నిలబడి ఉన్న చెట్టుతోనే ఇబ్బంది. కొబ్బరికి పెరుగుదల స్థానం ఒక్కటే, మొవ్వు చచ్చిన చెట్టు మళ్లీ చిగురించదు. తుపాను వెళ్లిన వారానికి పచ్చగా ఉన్న చెట్టు కొన్ని నెలలకు మోడు కావచ్చు. తొలి లెక్కింపులో ‘నిలిచిన’ చెట్లను తరువాత తిరిగి చూడడానికి ఒక విడత తనిఖీ తప్పనిసరి.

రెండవ చిక్కు పేరు. పట్టాదారు పాసుపుస్తకం తాత పేరిట ఉండి, తోటను ముగ్గురు మనుమలు పంచుకొని అనుభవిస్తున్న కుటుంబాలు, యజమాని వలస వెళ్లగా బంధువు చూసుకుంటున్న తోటలు ఈ తరహా ప్రాంతాలలో సామాన్యం. రికార్డు ఒకరిది, నష్టం మరొకరిది. అడంగల్‌లో సాగుదారు పేరు సకాలంలో నమోదైన చోట ఈ వివాదం రాదు. తుపాను వచ్చాక నమోదు కోసం పరుగెత్తడం వల్ల అనుమానాలూ ఫిర్యాదులూ పెరుగుతాయి.

భూమి లేనివారి విషయం మరింత కఠినమైనది. పలాస–కాశీబుగ్గలో వందల సంఖ్యలో జీడిపప్పు కర్మాగారాలు ఉన్నాయి. పిక్కలు కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, గుండ్లు ఏరడం వంటి పనులలో అధికభాగం మహిళలవి. స్థానిక పంట చాలక ఈ పరిశ్రమ ఆఫ్రికా దేశాల నుండి కూడా పిక్కలు తెప్పించుకుంటుంది గనుక తోటలు పోయినంత మాత్రాన మూతపడదు. కానీ విద్యుత్తు లేని రోజులకు, తడిసిన సరుకు ఆరే రోజులకు కూలి ఉండదు. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు అప్పటి ప్రమాణాల ప్రకారం ఇవ్వదగిన తాత్కాలిక భృతి పెద్దలకు రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45 రూపాయలు మాత్రమే. దింపు కార్మికునికీ అంతే. చెట్టుకిచ్చే పరిహారంలో చెట్టెక్కే మనిషికి వాటా లేదు.

పునరుద్ధరణ పనులు

కూలిన మానులను తొలగించడం మొదటి పని, అది అందం కోసం చేసేది కాదు. కుళ్లుతున్న కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి వృద్ధి చెందుతుంది, అది మిగిలిన చెట్ల మొవ్వులను తొలుస్తుంది. ఆ గాయాల ద్వారా ఎర్రముక్కు పురుగు ప్రవేశిస్తుంది. మానులను వదిలేసిన తోటలో తుపాను చంపని చెట్లు పురుగు పాలవుతాయి. ఒక్క రైతు శుభ్రం చేసుకొని పొరుగు తోట అలాగే ఉంటే ఫలితం ఉండదు కనుక, ఈ పనిని ఊరంతటికీ కలిపి ఒకేసారి చేయించవలసి ఉంటుంది.

జీడిలో కొంత ఊరట ఉంది. వేరు నిలిచిన చెట్టు విరిగిన కొమ్మలను నున్నగా కోసి, కోతలకు బోర్డో పేస్టు పూస్తే తిరిగి చిగురిస్తుంది. కొత్తగా నాటేవారికి బాపట్ల పరిశోధన స్థానం రూపొందించిన బీపీపీ-8 వంటి రకాల అంటుమొక్కలు మూడవ ఏడు నుండి పూతకు వస్తాయి. గుంతలు తీయడం, నాటడం, మొదటి మూడేళ్ల సంరక్షణ పనులను అర్హులైన చిన్న, సన్నకారు రైతుల పొలాలలో ఉపాధి హామీ పథకం కింద చేపట్టే వీలుంది. మొక్కకు నీరు పోసినందుకు కూలి వచ్చే ఈ ఏర్పాటు, కాపు లేని కాలంలో ఇంటికి రొక్కం చేర్చే మార్గాలలో మేలైనది. కొబ్బరి వరుసల మధ్య అరటి, అనాస, కంద వేసుకోవడం మరొక మార్గం.

బ్యాంకు రుణాల విషయంలో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. నష్టం 33 నుండి 50 శాతం ఉంటే రెండేళ్ల వరకు, 50 శాతం దాటితే ఐదేళ్ల వరకు రుణాన్ని పునర్వ్యవస్థీకరించవచ్చు. ఇందులో ఏడాది మారటోరియం కలిసి ఉంటుంది. అయితే ఆరేడేళ్ల తరువాత కాసే చెట్టుకు ఐదేళ్ల గడువు చాలదు.

బీమా వైపు చూస్తే, కొబ్బరి అభివృద్ధి మండలి పథకం అప్పటికే అమలులో ఉన్నా దానిని వినియోగించుకున్నవారు తక్కువ. 4 నుండి 15 ఏళ్ల చెట్టుకు ప్రీమియం 9 రూపాయలు, బీమా మొత్తం 900 రూపాయలు. 16 నుండి 60 ఏళ్ల చెట్టుకు ప్రీమియం 14 రూపాయలు, బీమా మొత్తం 1,750 రూపాయలు. ప్రీమియంలో సగం మండలి, నాలుగవ వంతు రాష్ట్ర ప్రభుత్వం భరించగా పెద్ద చెట్టుకు రైతు చెల్లించవలసినది మూడున్నర రూపాయలు.

బహువార్షిక పంటలకు కేంద్ర ప్రమాణం 2022-26 కాలానికి హెక్టారుకు 22,500 రూపాయలకు పెరిగింది. పైన వేసిన లెక్క ప్రకారం అది కొబ్బరిచెట్టుకు 150 రూపాయలు. బీమా నిబంధనల ప్రకారం పొట్టి, సంకర రకాలకు నాలుగవ ఏట, పొడవు రకాలకు ఏడవ ఏట అర్హత మొదలవుతుంది. 2019 వర్షాకాలంలో ఉద్దానంలో నాటిన పొడవు రకం మొక్కలకు ఏడేళ్లు నిండేది 2026లో.