మిల్లును తిప్పిన కావేరమ్మ

"మన మిల్లు తిప్పింది కావేరమ్మరా" అని మా అవ్వ చెప్తా ఉండేది. చిన్నప్పుడు అది కథ అనుకున్నాను. బంగారుపేటలో కావేరి ఎక్కడిది? మనకుండేది చెరువులు, బోరుబావులే కదా. బడిలో కన్నడ పాఠంలో శివనసముద్రం గురించి చదివినా, అవ్వ మాట అదేనని తట్టలేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడందే దేన్నీ సరే అనను. అందుకే మొన్న ఆగస్టులో నాయనను, పిల్లలను పిలుచుకుని శివనసముద్రం పోయొచ్చాను.

అక్కడ కావేరి రెండు పాయలుగా చీలి గగనచుక్కి, భరచుక్కి అని రెండు చోట్ల దూకుతుంది. సుమారు 300 అడుగుల లోతు. హిమాలయాల్లో మాదిరి మంచు కరిగిన నీళ్లు కావివి, కొడగు కొండల్లో కురిసిన వాన. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

దగ్గర్లోనే లోయ అడుగున పాత కరెంటు కేంద్రం ఉంది. 1902 జూన్ 30న ఇక్కడి నుంచే కోలారు బంగారు గనులకు కరెంటు పోయింది. లైను పొడవు 92 మైళ్లు, అంటే దాదాపు 148 కిలోమీటర్లు. ఆ కాలానికి ప్రపంచంలోనే పొడవైన లైన్లలో ఒకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. మన గనులకు మూడేళ్లు ముందే వచ్చేసింది!

అంతకుముందు గనుల్లో అన్నీ ఆవిరి యంత్రాలు. వాటికి బొగ్గు, కట్టెలు ఎంత తెచ్చినా చాలేవి కావు. అందుకని మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ ఈ పని పట్టుబట్టి మొదలుపెట్టించారు. జోలి డి లాట్‌బినియర్ అనే ఇంజనీరు ముందుండి నడిపించారు. రైలు లేని ఆ చోటికి యంత్రాలను బండ్ల మీద, ఏనుగులతో లాగించారు. అయ్యర్ మాత్రం 1901లోనే పోయారు, ఆ కరెంటు చూడలేకపోయారు.

ఆ కరెంటుతో తిరిగిన రాయి దంచే మిల్లులోనే అవ్వ వాళ్ల తాత కూలి చేశాడు. పగలంతా మిల్లులో కావేరి కరెంటు, రాత్రి ఇంట్లో కిరసనాయిలు బుడ్డి.

నాయన చాలాసేపు ఆ నీళ్లనే చూసి, "నీళ్లు మన దాకా రాలేదు, బలం మాత్రం వచ్చింది" అన్నారు. ఆ బలంతో నడిచిన గనులు 2001లో మూతపడ్డాయి.

తిరిగొస్తా ఉంటే చిన్నోడు అడిగాడు, "మిల్లు తాత పేరేంది?" అని. దివాను పేరు చెప్పగలిగాను, ఇంజనీరు పేరు చెప్పగలిగాను. మన తాత పేరు చెప్పలేకపోయాను. ఇంట్లో అందరూ "మిల్లు తాత" అన్నారే గానీ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పెద్దమ్మలు, చిన్నాయనలు, ఎవరి ట్రంకు పెట్టెలోనైనా పాత కూలి చీటీ గానీ, పెళ్లి పత్రిక గానీ ఉంటే ఒకసారి వెతకండి. ఆ పేరు ఇక్కడ రాయాలి.